ఉరితాడు ఎవరి మెడకు?

కర్నూలు, కడప సీమల్లోని కక్షల పల్లెల్లో తుపాకి ఉంటే ప్రాణానికి భరోసా అనీ, హంతకుణ్ణి ఉరితీస్తే పగ చల్లారుతుందనీ చాలామంది నమ్మారు. ఫ్యాక్షన్, అంటే గ్రామ నాయకుల చుట్టూ అల్లుకున్న ముఠాకక్షల చరిత్రను, లోతుగా చదివినకొద్దీ ఈ రెండు నమ్మకాలూ సడలుతాయి. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు పొందే పలుకుబడి నాయకుడిది. అనుచరుడికి దక్కేది వేటకొడవలి, లేదా మందుగుండులో గాజుపెంకులు, మేకులు, రాళ్ళు కలిపి దారంతో బిగించి చుట్టిన నాటుబాంబు. అది చుడుతుండగానే పేలి చేతులు పోగొట్టుకున్నవారూ ఉన్నారు.

1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరణశిక్షను అత్యంత అరుదైన నేరాలకే, అంటే యావజ్జీవ ఖైదు ఏమాత్రం చాలదని తేలినవాటికే, పరిమితం చేసింది. అయినా చంపమన్నవాడు తెరవెనుకే ఉండిపోయి, సాక్షులు భయంతోనో రాజీతోనో మాట మార్చే చోట, తాడు కొడవలి పట్టిన కూలివాడి మెడనే వెతుక్కుంటుంది. సీమకు వెలుపల, 1993లో చిలకలూరిపేట దగ్గర 23 మందిని బలిగొన్న బస్సు దహనం కేసులో ఉరిశిక్ష పడిన ఇద్దరు దళిత యువకులకు, పౌరహక్కుల ఉద్యమకారుల పోరాటం తరువాత, 1998లో రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ దానిని యావజ్జీవ ఖైదుగా మార్చారు. మృతుల కుటుంబాల దుఃఖాన్ని విస్మరించే ఏ వాదనా న్యాయమైనది కాదు. కానీ ఆ దుఃఖం ఉరితో తీరేదీ కాదు. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఆళ్ళగడ్డ, జమ్మలమడుగు పల్లెల్లో గట్టిగా అమలైతే, చంపించినవాడి పేరును కోర్టులో చెప్పగల ధైర్యం సాక్షికి వస్తుంది.