ముందు రాయండి, తర్వాత చూద్దాం

మెల్‌బోర్న్‌లో ఏడో తరగతికి సైన్స్ చెబుతాను. ఉష్ణం పాఠం రోజు ప్రతి బల్ల మీదా ఒక చెక్కపలక, ఒక అల్యూమినియం పలక ఉంటాయి. రెండూ రాత్రంతా ఆ గదిలోనే ఉన్నవి. పిల్లలు ముట్టుకుంటే అల్యూమినియమే చల్లగా తగులుతుంది. “రెండింటి మీదా ఒకే సైజు ఐసు ముక్క పెడితే ఏది ముందు కరుగుతుంది? ఎందుకు? పెన్నుతో రాయండి” అంటాను. అందరూ రాశాకే ఐసు బయటికొస్తుంది.

ఊహించు, గమనించు, వివరించు అనే ఈ పద్ధతికి ఈ నగరంతోనే సంబంధం ఉంది. ఇక్కడి మొనాష్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రిచర్డ్ వైట్, రిచర్డ్ గన్‌స్టన్ 1992లో దీన్ని పుస్తకంలో వివరించారు.

చాలామంది చెక్క మీదే ముందు కరుగుతుందని రాస్తారు. అల్యూమినియం మీది ముక్క కళ్లెదుటే నీరైపోతుంటే గదంతా గోల. అల్యూమినియం ఉష్ణవాహకత చెక్క కంటే వెయ్యి రెట్లకు పైనే. చేతిలోంచి వేడిని ఎంత తొందరగా లాగేసిందో, ఐసుకీ అంత తొందరగా ఇచ్చేసింది.

ఇదే ముందు చెప్పేసి తర్వాత చూపిస్తే తలూపి రాసుకుంటారు. లోపల మాత్రం లోహం పుట్టుకతోనే చల్లన, ఉన్ని పుట్టుకతోనే వెచ్చన. ఆ నమ్మకం చాలా గట్టిది. స్వెట్టర్లో థర్మామీటరు చుట్టిపెట్టి, అంకె కదలకపోయినా “గాలి దూరింది మిస్, ఇంకాసేపు ఉంచుదాం” అంటారు. ఉంచనిస్తాను. సంచిలో కట్టి బీరువాలో దాస్తారు. మర్నాడూ గది ఉష్ణోగ్రతే. అప్పుడు ఎవరో ఒకరు, వేడి మన ఒంటిదేమో అంటారు. ఆ మాట వాళ్ల నోట రావడానికి రెండు పీరియడ్లు పోయినా నాకు సంతోషమే.

కాంతి పాఠానికి గోడ అద్దం చాలు. వెనక్కి జరిగితే మన ఒళ్లు ఇంకా ఎక్కువ కనబడుతుందా అంటే పెద్దలూ ఔననే అంటారు. నడుము దాకా కనబడేది, ఎంత జరిగినా నడుము దాకానే.

నాకు బెంగ కలిగించేవి మన తెలుగు పిల్లల్లో కొందరి కాగితాలు. ఊహ రాయాల్సిన గడి ఖాళీగా ఉంటుంది. తప్పవుతుందేమోనన్న భయం. నేను గుంటూరులో చదివినప్పుడు ప్రయోగ ఫలితం పుస్తకంలో ముందే అచ్చయి ఉండేది. ఆ భయాన్ని మనమే వెంట తెచ్చి పిల్లలకిచ్చాం. అందుకే ఊహకు మార్కులు వెయ్యను, కొట్టివేత గీత గియ్యను. “తప్పు రాసినా వదిలేశారేంటండీ?” అని అడిగే తల్లిదండ్రులకు, వాడు ఆలోచించింది అక్కడే అండీ అని ఓపిగ్గా చెబుతాను.

“జనవరిలో నలభై డిగ్రీలున్నప్పుడూ అల్యూమినియం చల్లగానే ఉంటుందా?” అని ఈసారి అడిగింది ఎప్పుడూ గడి ఖాళీగా వదిలే అమ్మాయి. నువ్వేమనుకుంటున్నావో రాయమన్నాను. చెక్క కంటే వేడిగా తగులుతుందనీ, అప్పుడు వేడి పలకలోంచి చేతిలోకి వస్తుందనీ రాసింది.