కలదాన్ ఒడ్డున ఇద్దరు

రంగం, అంటే బర్మా అనగానే మన కోస్తావాళ్లకి గుర్తొచ్చేది కూలికెళ్లిన తాతలు, 1942లో రెండో ప్రపంచ యుద్ధం తరిమితే నడిచి తిరిగొచ్చినవాళ్ల కథలు. అదే బర్మాకి, అదే యుద్ధంలో, బ్రిటిష్ యూనిఫాం వేసుకుని నైజీరియా కుర్రాళ్లు కూడా వెళ్లారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. స్కూల్లో ఎవరూ చెప్పలేదు మరి.

ఆ కుర్రాళ్లలో ఒకడు ఐజాక్ ఫడొయెబో, 16 ఏళ్లకే సైన్యంలో చేరాడు. 1944 మార్చిలో బర్మాలోని కలదాన్ నది ఒడ్డున అతని దళంపై జపాన్ సైనికులు మెరుపుదాడి చేశారు. ఐజాక్‌కి కాలు విరిగింది, పొట్టలో తూటా. పక్కన సియెరా లియోన్‌కి చెందిన డేవిడ్ కార్గ్‌బో, అతనూ గాయపడ్డవాడే. ఇద్దరూ అడవిలో పడి ఉంటే ఆ చుట్టుపక్కల ముస్లిం పల్లెవాళ్లు అన్నం తెచ్చిపెట్టారు. షుయిమాన్ అనే రైతు చివరికి తన ఇంట్లోనే దాచాడు. దొరికితే జపాన్ వాళ్లు ఇంటిల్లిపాదినీ బతకనిస్తారా? అలా దాదాపు తొమ్మిది నెలలు, డిసెంబర్‌లో బ్రిటిష్ సైన్యం మళ్లీ అక్కడికి వచ్చేదాకా. ఎవరి యుద్ధమో, ఎవరి పొలమో!

అరవై ఏళ్లు దాటాక ఒక జర్నలిస్టు ఐజాక్ రాసిన ఉత్తరం పట్టుకుని ఆ కుటుంబాన్ని వెతుక్కుంటూ వెళ్లాడు. వాళ్లు దొరికారు. షుయిమాన్ మాత్రం అప్పటికే లేడు.