రోకలికి గ్రహణంతో పనేంటి?

గ్రహణం వచ్చిందంటే చాలు, మన టీవీల్లో రోకలి నిలబడాల్సిందే. ఇత్తడి పళ్లెంలో నీళ్లు, అందులో నిటారుగా రోకలి, దానికి పసుపు కుంకుమ, చుట్టూ సెల్‌ఫోన్లు. 2020 జూన్ 21 సూర్యగ్రహణం నాడు వాట్సాప్ నిండా ఇవే ఫొటోలు.

ఎందుకు నిలబడిందండీ అంటే 'సైన్సే' అంటారు. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వస్తే ఆకర్షణ శక్తి పెరిగి రోకలిని పట్టుకుంటుందట! నమ్మకం అని చెబితే నేనేమీ అనను. సైన్సు పేరు వాడుకుంటారు చూడండి, అక్కడే ఒళ్లు మండుతుంది. సూర్యచంద్రులు దాదాపు ఒకే దిక్కున ఉండటం ప్రతి అమావాస్యకీ జరిగేదే. గ్రహణం నాడు ఆ లాగుడులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాదు, చంద్రుడు అడ్డుపడేది వెలుగుకి మాత్రమే. (విడుపు కాగానే అదే పడిపోతుందని కూడా అంటారు. ఎవరి చెయ్యో తగిలేదాకా పడదు.)

అసలు కిటుకు రోకలి అడుగునే ఉంది. తిరగేసి చూడండి, పొన్ను ఉన్న చివర చదునుగా ఉంటుంది. హైస్కూల్లో చదువుకున్న గురుత్వ కేంద్రం ఆ అడుగుకి సరిగ్గా పైన ఉన్నంతసేపూ రోకలి నిలబడుతుంది. సోమవారమైనా, శుక్రవారమైనా. నీళ్లూ పళ్లెం ఉత్త అలంకారం.

ఇంట్లో రోకలి ఉంటే రేపే నిలబెట్టి చూడండి. చెయ్యి వణక్కుండా నెమ్మదిగా వదలాలి, అంతే. పిల్లల చేత కూడా చేయించండి. పక్కన మాత్రం మీరుండండి, కాలి మీద పడితే దెబ్బ గట్టిగానే తగులుతుంది.