తునకల మూట

2025ల అంబేడ్కర్ జయంతి సోమవారం పడ్డది. మూడు రోజుల సెలవని కొడుకు, బిడ్డ హైదరాబాదు నుంచి బాన్సువాడకొచ్చిండ్రు.

1931ల కట్టుడైన నిజాంసాగర్ కాలువ అందరి మళ్లకూ పారింది. దొరకాడ జీతమున్న మా నాయినకు మడే లేకపాయె. మాకు బలమంటే ఎండబెట్టిన పెద్దకూర తునకలే.

జయంతినాడు విగ్రహానికి దండేసినం. 'జై భీమ్' అన్న గొంతుల్ల మావోనిదే పెద్దది. మధ్యాహ్నం మా ఇంటామె పుంటికూరల తునకలేసి వండితే వేళ్లు నాకిండు.

"పట్నంల వండుకుంటలేవా కొడుకా?"

వాడు తలెత్తలే. బిడ్డే చెప్పింది: "మాంసం తిననని చెప్తేనే ఇల్లు కిరాయికిచ్చిండ్రమ్మా."

చదువుకున్నోళ్ల కాడ అంటు లేదంటరు. ముక్కుకైతే ఉన్నది!

బస్సెక్కేటప్పుడు ఆమె తునకలు మూటగట్టిస్తే వాడు వద్దన్నడు. బిడ్డ గుంజుకొని తన సంచిల పెట్టుకున్నది.