యాభై వేల లోపు బండి ఎక్కడుంది?

మొన్నామధ్య మా బావమరిది ఒక బిల్లు ఫొటో తీసి పంపించాడు. కింద ఒకే ఒక్క వాక్యం: "బావా, ఇది బండి ఖరీదేటి, నా ఖరీదేటి?"

వాడిది ఉద్దానంలో సముద్రం పక్క పల్లె. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. నెలకి పన్నెండు వేలు, సీజను బాగుంటే ఇంకో వెయ్యి. 2025 ఉగాది వెళ్ళాక బండి కొన్నాడు. షోరూం రేటు 80,000, చేతికొచ్చేసరికి 99,500. మధ్యలో ఉన్న ఆ పంతొమ్మిదిన్నర వేలు వాడి నెలన్నర జీతం కంటే ఎక్కువ. వాడి అనుమానమల్లా షోరూం వాడు మోసం చేశాడేమోనని. సాఫ్ట్‌వేర్ వాడిని కదా, లెక్కలు నాకు బాగా తెలుస్తాయని నమ్మకం (ఇంట్లో వాళ్ళందరికీ ప్రింటర్ కూడా నేనే బాగు చెయ్యాలి).

సరే, బిల్లు ముందేసుకుని కూర్చున్నాను.

మనవాళ్ళందరూ "రిజిస్ట్రేషన్ చార్జీలు మండిపోతున్నాయి" అంటారు గానీ, నిజానికి బైకు రిజిస్ట్రేషన్ ఫీజు 300 రూపాయలే. 2016 డిసెంబరు చివరిదాకా అది 60. అయిదు రెట్లు చేశారని అప్పట్లో గోల జరిగింది. అయినా 300 వల్ల ఎవడూ మునిగిపోడు. స్మార్ట్ కార్డుకి 200, సర్వీసు చార్జీలు కాస్త. ఇన్సూరెన్సు 6,200. ఇది ఇంత ఎందుకంటే, 2018 సెప్టెంబరు నుంచి సుప్రీంకోర్టు ఆదేశం మీద కొత్త బైకుకి అయిదేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. మా వాడి లాంటి బండికి 3,851, దాని మీద 18 శాతం జీఎస్టీ. దీన్ని నేను తప్పుపట్టను. బైకు గుద్దితే చచ్చిపోయినవాడి కుటుంబానికి డబ్బు వచ్చేది అందులోంచే.

తర్వాత "హ్యాండ్లింగ్, ఇతరములు" అని 2,500. ఇది మాత్రం ఏ చట్టంలోనూ లేదు. ఆ షోరూం పేరు, ఊరు చెప్పను. ఇలాంటివి ఒక్క చోట జరిగేవి కూడా కావు. వాడు దేనికని అడిగితే "అందరూ ఇస్తారు" అన్నారట.

ఇక మిగిలింది అసలు సరుకు. లైఫ్ టాక్సు 9,600. ఎనభై వేల మీద 12 శాతం.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఆంధ్రాలో బైకులకి ఇది చాలా ఏళ్ళు 9 శాతమే. 2021 నవంబరులో చట్టం మార్చి, 2022 జనవరి నుంచి రెండు ముక్కలు చేశారు. యాభై వేల లోపు బండికి పాత 9 శాతమే, యాభై వేలు దాటితే 12. చదవడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. పేదవాడి బండికి పెంచలేదు, ఉన్నవాడి బండికే పెంచాం, అన్నట్టు.

అయితే యాభై వేల లోపు బండి ఎక్కడుంది? మోపెడ్ ఉంది. ఉద్దానంలో మోపెడ్ విలువ నాకు తెలుసు, రెండు పక్కలా కొబ్బరికాయల బస్తాలు వేలాడదీసుకుని ఇసక దారిలో పోయేది అదే. కానీ వెనక రోగిని కూర్చోబెట్టుకుని హైవే మీద ఇరవై కిలోమీటర్లు వెళ్ళడానికి మోపెడ్ పనికిరాదు. గేర్ల బండి, అదీ అన్నిట్లోకీ చవకది, కిక్ కొట్టి స్టార్ట్ చేసేదైనా సరే, ఇవాళ యాభై వేలకి రాదు. ఆ చట్టం రాసినప్పుడే చవక బళ్ళు ఆ గీత చుట్టూ తచ్చాడుతున్నాయి. ఇప్పుడు గీత అక్కడే ఉంది, బళ్ళు దాటిపోయాయి. అంటే పేరుకి రెండు రేట్లు, నిజానికి ఒకటే.

మా భాషలో దీన్ని హార్డ్ కోడింగ్ అంటారు. మారే విలువని మారనట్టు ప్రోగ్రాములో అంకె రాసి వదిలెయ్యడం. మొదటి రోజు బ్రహ్మాండంగా పని చేస్తుంది. తర్వాత ఎప్పుడో, రాసినవాడు కంపెనీ మారిపోయాక, కస్టమర్ ఫోన్ చేస్తాడు. కొత్తగా చేరిన కుర్రాడు ఇలా చేస్తే వాడి కోడ్ వెనక్కి పంపిస్తాం. శాసనసభలో చేస్తే గెజిట్‌లో అచ్చేస్తారు :)

ఇంకొకటి. ఈ 12 శాతం షోరూం రేటు మీద వేస్తారు. ఆ రేటులోనే జీఎస్టీ ఉంది. మా వాడు కొన్నప్పుడు బైకు మీద జీఎస్టీ 28 శాతం. అంటే అసలు బండి 62,500, జీఎస్టీ 17,500. లైఫ్ టాక్సు 9,600లో 2,100 రూపాయలు పన్ను మీద పన్ను. మొత్తం కలిపితే 62,500 బండికి 27,100 పన్నులు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్ళకి జీఎస్టీ 18 అయింది కాబట్టి అదే బండి 73,750కి దిగాలి, లైఫ్ టాక్సు కూడా దానితో పాటే 8,850 అవుతుంది. నిజం చెప్పాలి కదా, శాతం అనేది దిగడం కూడా దిగుతుంది. కానీ వస్తువు ధర తగ్గడం మీరు మీ జీవితంలో ఎన్నిసార్లు చూశారు?

ఇంతకీ మా వాడు బండి ఎందుకు కొన్నాడో చెప్పలేదు. షికారుకి కాదు. వాళ్ళ నాన్నకి, అంటే మా మావకి, కిడ్నీలు పోయాయి. ఉద్దానం అంటే తెలుగువాళ్ళకి ఇప్పుడు కొబ్బరి తోటల కంటే ముందు గుర్తొచ్చేది అదే. వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. 2023 డిసెంబరులో అక్కడే రెండొందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. సంతోషం, పూర్వంలా విశాఖపట్నం పరిగెత్తక్కర్లేదు. కానీ పలాస దాకా అయినా వెళ్ళాలి కదా. బస్సు వాళ్ళ ఊరి మలుపు దగ్గర ఆగుతుంది, వేళకి రాదు. షేర్ ఆటోలో పది మంది మధ్య ఇరుక్కుని వెళ్ళొచ్చు, నాలుగు గంటలు మిషను మీద పడుకుని లేచినవాడు అలా తిరిగి రాలేడు. అందుకని బండి.

మావకి నెలకి పదివేలు పింఛను వస్తుంది. డయాలసిస్ వాళ్ళకి 3,500 ఉండేది, 2019లో 10,000 చేశారు. మంచి పని, ఎవరు చేసినా మంచి పనే. 2024లో కొత్త ప్రభుత్వం వృద్ధుల పింఛను 3,000 నుంచి 4,000 చేసింది, మరికొన్ని పెంచింది. డయాలసిస్ వాళ్ళది మాత్రం ఆ పదివేల దగ్గరే ఉండిపోయింది. 2019లో పదివేలకి వచ్చిన బియ్యం, నూనె, మందులు ఇప్పుడు వస్తాయా అని మిమ్మల్ని అడగక్కర్లేదు.

ఇప్పుడు ఆ పదివేల లోంచి పెట్రోలు చూడండి. రానూపోనూ నలభై కిలోమీటర్లు, వారానికి మూడుసార్లు, నెలకి అయిదొందల కిలోమీటర్ల పైమాటే. లీటరుకి యాభై ఇచ్చినా పది లీటర్లు. ఆంధ్రాలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, ఆపైన లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. లీటరు 110 అనుకుంటే అందులో రాష్ట్రానిది దాదాపు 30. అంటే మావకి ఇచ్చిన పింఛనులోంచి నెలకి మూడొందలు ఆసుపత్రికి వెళ్ళే దారిలోనే ఖజానాకి వెనక్కి పోతున్నాయి. కేంద్రం ఎక్సైజు వేరే. (ఇచ్ఛాపురం, పాతపట్నం వాళ్ళు హాయిగా ఒడిశాలోకి వెళ్ళి ట్యాంకు నింపుకొస్తారు. మన జిల్లాలో సరిహద్దు దగ్గర పుట్టడం కూడా ఒక సంక్షేమ పథకమే.)

ఈ అంకెలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తుంటే నాకు ఒక వరస కనిపించింది. మన దగ్గర తీసుకునేవి ఎక్కువగా శాతాల్లో ఉంటాయి. మనకి ఇచ్చేవి రూపాయల్లో ఉంటాయి. శాతం దానంతటది పెరుగుతుంది, ఎవరూ జీవో ఇవ్వక్కర్లేదు, ఎవరూ తిట్టరు. రూపాయి మాత్రం ఎన్నికలొచ్చేదాకా కదలదు, కదిలితే ఫొటో పెట్టుకుని ఫ్లెక్సీ కడతారు. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి ఉద్దానం తోటల్ని పడుకోబెట్టేసినప్పుడు కూడా అంతే. కూలిన కొబ్బరి చెట్టుకి 1,500 అన్నారు. తర్వాతేడు ఇంకొకరు వచ్చి 3,000 అన్నారు. మొక్క వేస్తే కాపుకి రావడానికి పట్టే ఆరేడేళ్ళలో ఆ డబ్బు ఏమవుతుందన్న లెక్క ఇద్దరిదీ కాదు. ఆటోవాళ్ళ సంగతి చూడండి. వాహనమిత్ర పేరుతో 2019 నుంచి 2023 దాకా ఏటా పదివేలు, అయిదేళ్ళూ అదే పదివేలు. 2025 అక్టోబరులో ఆటో డ్రైవర్ల సేవలో అని 15,000 వేశారు. అదీ ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేశాక, టెక్కలి, పలాస స్టాండుల్లో ఆటోలు ఖాళీగా నిలబడ్డాక. ఉచిత బస్సుకి నేను వ్యతిరేకం కాదు. జీడి ఫ్యాక్టరీలకి పొద్దున్నే వచ్చే ఆడవాళ్ళకి అది ఎంత మిగులో నాకు తెలుసు.

"ధరలకి తగ్గట్టు అంకె మార్చడం కష్టం కదండీ" అంటారేమో. కష్టం కాదు, ప్రభుత్వానికి బాగా చేతనవును. ఉద్యోగుల డీఏ ధరల సూచీని బట్టే లెక్క కడతారు. హైవే టోలు ఏటా ఏప్రిల్ ఒకటిన టోకు ధరల సూచీ చూసి పెరుగుతుంది. పలాస దాటాక లక్ష్మీపురం గేటు దగ్గర బోర్డు మీద అంకెలు ఎవరూ ధర్నా చెయ్యకుండానే మారిపోతాయి. అంటే ఫంక్షన్ రాసే ఉంది. యాభై వేల గీతకీ, డయాలసిస్ పదివేలకీ దాన్ని పిలవలేదు, అంతే.

కొత్త బండి గోల ఎందుకు, పాతది కొనుక్కోవచ్చు కదా అని నేను కూడా మా వాడితో అన్నాను. వాడి దగ్గర జవాబు రెడీగా ఉంది. వాళ్ళ పక్కింటి పెద్దాయనకి 2009 బండి ఉంది. అమ్మితే పదివేలొస్తుందేమో. 2024లో పదిహేనేళ్ళు నిండాయి. రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ దాకా 300 ఉండేది, ఇప్పుడు 1,000. దాని మీద రాష్ట్రం గ్రీన్ టాక్సు 2,000. ఇన్సూరెన్సు, పొల్యూషను కలిపితే నాలుగు వేలకి అటూ ఇటూ. బండి ఇరవై దాటితే ఫీజు 2,000, గ్రీన్ టాక్సు 5,000. బండి విలువ తగ్గేకొద్దీ దాని మీద కట్టేది పెరుగుతుంది. నాలుగు వేలు లేక ఆయన ఆర్సీ లేకుండానే తిరుగుతున్నాడు. "పట్టుకుంటే బండి ఇచ్చీసి నడిచి వచ్చీస్తాను" అంటాడట.

పొగ తగ్గాలంటే పాత బళ్ళు పోవాలన్న వాదన ఉంది, అబద్ధం కాదు. మా హైదరాబాదు ట్రాఫిక్‌లో నిలబడితే నేనూ అదే అంటాను. కానీ రోజుకి పది కిలోమీటర్లు తిరిగే వంద సీసీ బండి చేసే పొగ ఎంత, నేను ఒక్కణ్ణీ కూర్చుని ఆఫీసుకి వెళ్ళే కారు పొగ ఎంత? వయసుని బట్టి కాకుండా పొగని బట్టి పన్ను వెయ్యమంటే ఆ లెక్కలో ముందు దొరికేది నాలాంటి వాళ్ళం. పొల్యూషను పరీక్ష ఎలాగూ చేస్తున్నారు, ఆ అంకె ఆ కంప్యూటర్లోనే ఉంది.

పన్నులు వద్దని నేను అనను. ఆ ఆసుపత్రి కట్టింది పన్నులతోనే, ఆ మిషన్లు తిరిగేది పన్నులతోనే. నేను అడిగేది చిన్నది. యాభై వేల గీతని ధరల సూచీకి కట్టండి, లేదా లక్ష చెయ్యండి. రెండోది, డయాలసిస్ మనిషి ఉన్న ఇంటికి ఒక బండి మీద లైఫ్ టాక్సు వదిలెయ్యండి. వికలాంగుల బళ్ళకి మినహాయింపు ఉంది. కానీ మా మావ బండి నడపలేడు, వెనక కూర్చుంటాడు. బండి కొడుకు పేరు మీద ఉంది. కాబట్టి కాగితాల ప్రకారం మా వాడు ఎనభై వేల బండి కొన్న ఆరోగ్యవంతుడైన యువకుడు.

డయాలసిస్ పింఛనుదారుల జాబితా ప్రతి నెలా ఒకటో తారీఖుకి ఎలాగూ తీస్తున్నారు. ఆధార్ నంబర్లతో సహా ఉంటుంది. దాన్ని రవాణా శాఖ సర్వరుకి కలిపి, లైఫ్ టాక్సు దగ్గర ఒక షరతు పెట్టడానికి, నాకు తెలిసి, ఒక ఇంజనీరుకి రెండు వారాల పని. టెస్టింగుతో కలిపి మూడు.