రంగులరాట్నం కోసం వెయ్యి మైళ్ళు

చిన్నపిల్లలున్న ఇంట్లో డిస్నీ వరల్డ్ ప్రసక్తి రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. మా పెద్దమ్మాయి ఒకటో తరగతిలో చేరిన రెండో వారానికే, తన బల్ల దగ్గర కూర్చునే నలుగురిలో ముగ్గురు అక్కడికి వెళ్ళివచ్చారన్న వార్త ఇంటికి మోసుకొచ్చింది. మిగిలిన ఆ నాలుగో మనిషి తానే. దాంతో నిరుడు సెప్టెంబరు, అక్టోబరు నెలలు మాకు ప్రయాణ సన్నాహంతోనే గడిచిపోయాయి. పిల్లలతో, పెద్దవాళ్ళతో మొదటిసారి బయలుదేరే మనవాళ్ళకు ఉపయోగపడతాయేమోనని ఆ సంగతులు రాస్తున్నాం.

అప్పుడు ఇంట్లో మేము ఐదుగురం: మేమిద్దరం, ఆరేళ్ళ అమ్మాయి, మూడో ఏడు నిండబోతున్న అబ్బాయి, జూన్‌లో నరసరావుపేట నుంచి వచ్చిన నానమ్మ. డిసెంబరు మొదట్లో ఆవిడ తిరుగు ప్రయాణం. మోకాళ్ళ పరిస్థితి చూస్తే మళ్ళీ ఇంత దూరం రాగలరన్న నమ్మకం మాకు లేదు. ఆ మాట ఎవరమూ పైకి అనలేదు గాని, వెళితే ఆవిడ ఉండగానే వెళ్ళాలని మాత్రం ఇద్దరం మనసులో అనుకున్నాం.

నానమ్మ మొదట్లోనే అడ్డం తిరిగారు. "బొమ్మలకొలువు చూడ్డానికి విమానమెక్కాలా? ఎంతవుతుందేమిటి?" అన్నారు. "ఆఫీసువాళ్ళు కొంత ఇస్తార్లే" అని బొంకాం. ఆవిడ మా మొహాలకేసి చూసి, "మీ ఆఫీసువాళ్ళు చాలా మంచివాళ్ళురా" అని ఊరుకున్నారు. 1971 అక్టోబరు 1న డిస్నీ వరల్డ్ తెరిచిననాడు పెద్దవాళ్ళ ప్రవేశ రుసుము మూడున్నర డాలర్లట. అక్కడి మాజిక్ కింగ్‌డమ్‌లో ఒక్కరోజు టిక్కెట్టు 2015లోనే వంద డాలర్లు దాటింది. ఈ లెక్క ఆవిడ చెవిన పడకుండా జాగ్రత్తపడ్డాం.

తేదీలు కుదరడం మాత్రం తేలికే అయింది. నవంబరు మొదట్లో న్యూజెర్సీ ఉపాధ్యాయులు అట్లాంటిక్ సిటీలో సభ జరుపుకుంటారు. ఆ గురు, శుక్రవారాలు రాష్ట్రంలో దాదాపు అన్ని బడులకూ సెలవు. మహా తెలివిగా ఆ వారం ఎంచుకున్నాం. తరువాత తెలిసింది, ఆ వారానికి అక్కడ "జెర్సీ వారం" అని పేరే ఉందట! న్యూజెర్సీ మొత్తం మాలాగే తెలివైనదన్నమాట.

ఇక వయసుల చిక్కు. విమానంలో రెండేళ్ళు నిండితే పిల్లలకు వేరే సీటు కొనాలి. పార్కులో మూడేళ్ళు నిండేదాకా టిక్కెట్టు అక్కర్లేదు. మావాడు సరిగ్గా ఈ రెంటి మధ్యన ఉన్నాడు. సగం లాభం, సగం నష్టం. అమ్మాయిది ఎత్తు చిక్కు. స్పేస్ మౌంటెన్ అనే చీకటి రైలు ఎక్కాలంటే 44 అంగుళాలుండాలి. వంటింటి తలుపు చట్రానికి నిలబెట్టి పెన్సిలుతో గీత గీస్తే 43 వచ్చింది. మడమలెత్తింది, జడ పైకి కట్టుకుంది, చివరికి ఏడ్చింది. ఆ ఏడుపేదో ఇంట్లోనే అయిపోవడం మంచిదయింది. గంటసేపు క్యూలో నిలబడ్డాక కొలబద్ద ముందు ఏడిస్తే సముదాయించడం ఎవరివల్లా కాదు. కాబట్టి పిల్లల ఎత్తు ఇంట్లోనే కొలుచుకుని బయలుదేరండి.

కారులో వెళ్ళడమా అని కూడా ఆలోచించాం. ఐ-95 పట్టుకుంటే ప్లెయిన్స్‌బరో నుంచి ఆర్లాండో వెయ్యి మైళ్ళు పైమాటే. వాషింగ్టన్ దగ్గర లోర్టన్‌లో మనుషులతోపాటు కారునూ ఎక్కించుకుని, మర్నాడు పొద్దుటికి ఫ్లారిడాలో సాన్‌ఫర్డ్‌లో దించే రైలూ ఉంది. రైలన్నారని నానమ్మకు ఉత్సాహం కలిగింది గాని, రాత్రంతా ఆ మోకాళ్ళతో కూర్చోవడం కష్టమని చివరికి నెవార్క్‌లో విమానమే ఖాయం చేశాం.

అసలు ప్రయాణానికి ముందు ఒక రిహార్సలు వేసుకోమని మిత్రులొకరు సలహా ఇచ్చారు. మాకు అందిన సలహాలన్నిటిలోకీ ఇదే గొప్పది. డెలావేర్ నది దాటితే పెన్సిల్వేనియాలో లాంగ్‌హార్న్ దగ్గర, 1980లో తెరిచిన సెసమీ ప్లేస్ ఉంది. మన ఊరికి అరగంట పైచిలుకు దూరం. ఒక శనివారం అక్కడికి వెళ్ళాం. పొద్దున తొమ్మిదికి పులిలా బయలుదేరిన అబ్బాయి, టెలివిజన్‌లో ప్రాణమిచ్చే బొచ్చు బొమ్మ మనిషంత ఎత్తున ఎదురయ్యేసరికి మా కాళ్ళ మధ్య దూరిపోయాడు. ఒంటిగంటకు నిద్రపోయాడు. అమ్మాయికి ఒకే నీళ్ళ ఆట నచ్చి, ఐదుసార్లు అదే ఆడింది. నానమ్మ మాత్రం ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఎందుకా అని చూస్తే, పిల్లవాడి స్ట్రోలర్ పిడి వదలకుండా పట్టుకుని నడుస్తున్నారు. చేతికర్ర పట్టుకోమంటే నామోషీ అనే మనిషికి ఆ బండే ఊతకర్ర అయింది. మేము చూశామని ఆవిడకు తెలియనివ్వలేదు.

ఆ రాత్రి మా పథకమంతా చింపేసి మళ్ళీ రాశాం. నాలుగు పార్కులు, నాలుగు రోజులన్నది తీసేసి, ఒకే పార్కు, రెండు రోజులు, నడుమ ఒక రోజు విశ్రాంతి అని పెట్టుకున్నాం. పొద్దున తలుపులు తీసేవేళకు వెళ్ళడం, మధ్యాహ్నం గదికి వచ్చి నిద్ర, ఓపికుంటే సాయంత్రం మళ్ళీ. అన్నిటికంటే ముఖ్యమైన నిబంధన: ఒక్కొక్కరు తప్పనిసరిగా చూడవలసిన ఒక్కటి చెప్పాలి. అది జరిగితే ప్రయాణం సఫలమైనట్టే, మిగతాదంతా కొసరు. అమ్మాయి సిండ్రెల్లా కోట అంది. అబ్బాయి ఎగిరే ఏనుగు అన్నాడు. నానమ్మ నాకేం వద్దన్నారు. వదలకుండా అడిగితే కాసేపటికి, "అక్కడ రంగులరాట్నం ఉంటుందా?" అన్నారు.

ఈ ప్రశ్న ఎక్కడిదో మాకు తెలుసు. మా ఇద్దరిలో ఒకరు నాలుగేళ్ళ వయసులో కోటప్పకొండ తిరునాళ్ళలో తప్పిపోయారు. శివరాత్రి, విద్యుద్దీపాల ప్రభలు, ఇసుక వేస్తే రాలని జనం. పిల్లవాణ్ణి రంగులరాట్నం ఎక్కించి, దిగేటప్పుడు పట్టుకోవచ్చని ఆవిడ ఈ పక్కన నిలబడ్డారు. రాట్నం ఆగింది. పిల్లవాడు ఆ పక్కన దిగాడు. ముఖమెరుగని తల్లి ఎవరో చెరుకుముక్క కొనిపెట్టి, మైకు దగ్గరకు తీసుకొచ్చి పేరు చెప్పించేసరికి గంట పట్టింది. తప్పిపోయినవాడికి చెరుకుముక్క ఒక్కటే గుర్తు. ఆ గంట మాత్రం ఆవిడ దగ్గరే ఉండిపోయింది. మా ఇంట్లో ఆ కథ ఎప్పుడూ చెరుకుముక్క దగ్గర నవ్వులతో ముగుస్తుంది. ఆవిడ నవ్వగా మేము చూడలేదు.

రాట్నం ఉందో లేదోనని చూస్తే ఒక విశేషం బయటపడింది. మాజిక్ కింగ్‌డమ్‌లో ఉన్న రంగులరాట్నం 1917లో ఫిలడెల్ఫియా కంపెనీ తయారుచేసినది. మొదట డెట్రాయిట్‌లో తిరిగి, 1928 తరువాత మన న్యూజెర్సీలోనే మేపుల్‌వుడ్ దగ్గరి ఒలింపిక్ పార్కులో దాదాపు నలభై ఏళ్ళపాటు తిరిగింది. 1967లో డిస్నీవాళ్ళు కొని, బాగుచేసి ఫ్లారిడా తీసుకుపోయారు. అంటే మన రాష్ట్రం గుర్రాలెక్కడానికి మేము వెయ్యి మైళ్ళు పోతున్నామన్నమాట!

ఆ మాటకొస్తే మన ప్లెయిన్స్‌బరోలోనూ ఒక రంగులరాట్నం ఉండేది. పిల్లలకు కాదు, ఆవులకు. వాకర్-గోర్డన్ పాడి క్షేత్రంలో హెన్రీ జెఫర్స్ 1930లో రోటోలాక్టర్ అనే తిరిగే వేదిక నడిపించాడు. యాభై ఆవులు ఎక్కి నిలబడితే, అది ఒక చుట్టు తిరిగేలోగా పాలు పితకడం పూర్తయ్యేది. దాన్ని చూడటానికి జనం పనిగట్టుకుని ఈ ఊరు వచ్చేవారు. 1939 న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో కూడా దాన్ని చూపించారు. ఆ క్షేత్రం 1971లో మూతపడింది. డిస్నీ వరల్డ్ తెరిచిందీ ఆ ఏడే. ఈ కథ చెబితే పాడి ఎరిగిన నానమ్మ, "తిరుగుతూ ఉంటే ఆవు పాలు చేపుతుందా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జెఫర్సే జవాబు చెప్పాలి.

మూటాముల్లె సంగతి. బయటి తిండి పార్కులోకి తీసుకెళ్ళవచ్చు. కాని గాజు సీసాలు కూడదు, వేడి చేయవలసినవీ చల్లగా ఉంచవలసినవీ కూడదు, ఘాటైన వాసన కూడదు. ఆవకాయలో రెండు నేరాలు ఒకే సీసాలో ఉన్నాయి గనుక అది ఇంట్లోనే ఉండిపోయింది. దద్దోజనానికి ఫ్లారిడా ఎండ అడ్డం వచ్చింది. పులిహోర, చేగోడీలు, చపాతీలు నెగ్గాయి. పిల్లలిద్దరి చేతులకూ మా ఫోను నంబర్లు రాసిన పట్టీలు కట్టాం. నానమ్మ అది చాలదని, నంబరు రాసిన గుడ్డముక్క ఇద్దరి చొక్కాల లోపలా కుట్టారు.

వెళ్ళాం. చూసిందంతా వర్ణించబోము, అది ఎవరు వెళ్ళినా కనిపించేదే. కోట ముందు అమ్మాయి నోట మాట రాలేదు. ఏనుగు ఎక్కిన అబ్బాయి దిగనన్నాడు. క్యూలో మా వీధి చివరి ఇంటివాళ్ళే మా వెనక నిలబడి ఉన్నారు. జెర్సీ వారం మరి.

రాట్నం దగ్గరకు రెండో రోజు పొద్దున్నే చేరాం. పిల్లలను ఎక్కించి, "మీరు ఇక్కడే నిలబడి చూడండి, దిగగానే వస్తాం" అన్నాం నానమ్మతో. ఆవిడ స్ట్రోలర్ పిడి వదిలి పిల్లవాడి చెయ్యి పట్టుకున్నారు. "నేను నిలబడను. ఏ పక్కన దిగుతారో బయటివాళ్ళకేం తెలుస్తుంది?" అని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని లోపలికి నడిచారు. గుర్రాల నడుమ కూర్చోవడానికి ఒకే ఒక రథం ఉంది. అందులో కూర్చుని మనవణ్ణి పక్కన పెట్టుకున్నారు. ముందు గుర్రం మీద మనవరాలు. పక్కన నిలబడి మేమిద్దరం. పాట మొదలైంది, రాట్నం తిరిగింది. ఆగినప్పుడు అందరం ఒకే పక్కన దిగాం.

విమానంలో తిరిగి వస్తూ, "మీ ఆఫీసువాళ్ళకు నా తరఫున కృతజ్ఞతలు చెప్పండిరా" అన్నారు ఆవిడ.

నానమ్మ ఇప్పుడు నరసరావుపేటలో ఉన్నారు. పథకాలు వేసుకునే మిత్రులకు చివరిగా మేము చెప్పేది ఇదే: చూడవలసినవాటి జాబితా కంటే ముందు, వెంట వచ్చే ప్రతి ఒక్కరినీ ఏం కావాలో అడగండి. వద్దన్నవాళ్ళను రెండోసారీ అడగండి. తలుపు చట్రం మీద మొన్న కొలిస్తే అమ్మాయి 44 అంగుళాలు దాటింది.