పది వేళ్ళ ముద్రలు

"అక్కా, నా వేలిముద్రలు పడట్లేవంట" అని మా చెల్లె ఫోన్ చేసినప్పుడు హన్మకొండలో పొద్దున ఏడయింది. డాలస్‌లో రాత్రి ఎనిమిదిన్నర.

టెక్సాస్‌లో ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటుగా పనిచేయాలంటే లైసెన్సు ఉండాలి. 180 గంటల క్లాసులు, ఒక పరీక్ష, వాటితోపాటు పది వేళ్ళ ముద్రలు. ఆ ముద్రల్ని రాష్ట్రం వాళ్ళూ, ఎఫ్‌బీఐ వాళ్ళూ తమ నేర రికార్డులతో సరిచూస్తారు. చెల్లె ఇచ్చినవి స్పష్టంగా లేవని మళ్ళీ రమ్మన్నారట.

ఎమ్మెస్సీ చదివిన పిల్ల. 2009లో భర్త వీసా మీద వెళ్ళింది. అట్లా వెళ్ళిన భార్యలకు పనిచేసే అనుమతి 2015లో గానీ రాలేదు. అదీ అందరికీ కాదు, భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటినవాళ్ళకే. అన్నేళ్ళూ గిన్నెలు తోమి, బ్లీచుతో బాత్‌రూములు కడిగి గీతలు అరిగిపోయాయేమో అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"దొంగను చూసినట్టు పదివేళ్ళూ అడుగుతరా?" అని దాని బాధ. నాకట్లా అనిపించలేదు. ఏజెంటు చేతికి మనుషులు తమ ఇంటి తాళాలిస్తారు. ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఖాళీ ఇళ్ళలోకి వెళ్తారు. అడగనీ, అన్నాను.

చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ అంతా వింటూనే ఉంది. "ఏలు పెడితె ఆడ కొలువిస్తరా బిడ్డా? నేను ఏలు పెడితె ఉన్నది పాయె" అంది.

అమ్మ చెప్పేది 1991 సంగతి. తాత పోయిన ఏడాది. తండ్రి ఆస్తిలో బిడ్డకూ వాటా ఉందని 1956 చట్టమే చెప్పింది కాబట్టి మేనమామలకు అమ్మ చేత హక్కు విడుదల పత్రం రాయించక తప్పలేదు. జీపులో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకుపోయారు. అమ్మకు సంతకం వచ్చు, ఐదో తరగతి చదివింది. సంతకం పెట్టించుకుని, వేలిముద్రా వేయించుకున్నారు. కాగితంలో ఏముందో చదివి వినిపించినవాళ్ళు లేరు. పసుపు కుంకుమ కింద రెండు చీరలు పెట్టి మధ్యాహ్నానికి ఇంట్లో దింపారు. వాళ్ళు ఆమెను బెదిరించలేదు, కొట్టలేదు. "తోడబుట్టినోళ్ళు పెట్టుమన్నరు, పెట్టిన. కాదంటె మళ్ళ పుట్టింటి గడప తొక్కనిస్తరా?" అంటుంది ఇప్పటికీ.

వేలిముద్రల చరిత్రలో మొదట ఉన్నది దొంగ కాదు, కాంట్రాక్టు. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి, రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు అరచేతి ముద్రను ఒప్పందపత్రం వెనక వేయించుకున్నాడు. తర్వాత ఎప్పుడైనా ఈ ఒప్పందం నాది కాదు అనకుండా. పోలీసుల వేలిముద్రల బ్యూరో కలకత్తాలో మొదలైంది 1897లో. అక్కడ అసలు లెక్కంతా కట్టింది అజీజుల్ హక్, హేమ్‌చంద్ర బోస్. పద్ధతికి పేరు మాత్రం వాళ్ళ పై అధికారి హెన్రీది (పని చేసేదొకరు, పేరు ఇంకొకరిది కావడం ఆడవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు).

నాది కాదు అనకుండా... మా అమ్మ చేత వేయించిందీ అందుకే. 2001లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి అమ్మేవాళ్ళవీ కొనేవాళ్ళవీ ఫొటోలు, వేలిముద్రలు తప్పనిసరి చేశారు. ఒకరి పేరున ఇంకొకరు వచ్చి అమ్మేయకుండా అది ఆపుతుంది. ఆ మనిషి ఈ మనిషేనని చెబుతుంది. ఆమె వద్దనగలిగేదా అన్నది మాత్రం ఏ వేలి గీతలోనూ కనపడదు.

ఆ రెండెకరాల్లో ఇప్పుడు వెంచరు వేసి, మా మేనమామ కొడుకు గజాల లెక్కన ప్లాట్లు అమ్ముతున్నాడు. 2016 రెరా చట్టం వచ్చాక పెద్ద వెంచర్లలో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంట్లు ఇక్కడా రిజిస్టరు చేయించుకోవాలి. ఆ చట్టంలో ఏజెంటు వేలిముద్రల మాట లేదు. ఉన్నా మా బావ పదివేళ్ళూ నిశ్చింతగా పెట్టేవాడే. అతని మీదా, వాళ్ళ నాన్న మీదా ఒక్క కేసు లేదు. ఎవరు పెడతారు? అమ్మ పెట్టలేదు. ఊహ తెలిశాక నేనూ పెట్టలేదు. పండగలకు వెళ్ళి వాళ్ళింట్లో భోంచేసి వచ్చేవాళ్ళం.

చెల్లెకు అమ్మ తన వైద్యం తాను చెప్పింది. వారం రోజులు రాత్రి పడుకునే ముందు వేళ్ళకు కొబ్బరినూనె రాయమని. నూనె మహిమో, మిషను మహిమో, రెండోసారి ముద్రలు పడ్డాయి. ఇంకో నెలకు లైసెన్సు వచ్చింది.

నేను అప్లికేషన్ పెట్టి 1991 నాటి దస్తావేజు నకలు తెచ్చాను. ఎందుకో నాకే సరిగా తెలియదు. కోర్టుకు పోతామని కాదు. అమ్మ ఆ కాగితాలను తిప్పి తిప్పి చూసి, "ఏం రాసిండ్రో సదువు" అంది. చదివాను. సర్వే నంబర్లు, హద్దులు, అన్నదమ్ముల పేర్లు. "నా పూర్తి ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా" అన్న చోటికి వచ్చేసరికి అమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"మళ్ళొకసారి సదువు."